బొగ్గు కాటుక

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. ఏ కంపెనీది?"

"ఏంది?"

"మీ కాటుక. గింత వానలో తడిసినా చెదరలే. వాటర్‌ప్రూఫా?"

కొత్తగూడెం నుంచి పాల్వంచ పోయే బస్సు అది. కాలు పెట్టడానికే చోటు లేదు. అలాంటి చోట ఒక అమ్మాయి ఒక అబ్బాయిని ఇలా అడిగితే వెనక సీట్లవాళ్లు ఊరుకుంటారా? మెడలన్నీ ఇటే తిరిగాయి. అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి.

"మా కంపెనీదే," అన్నాడు. "భూమి కింద దొరుకుతది. కావాల్నంటే రేపు ఫస్ట్ షిఫ్ట్‌కు రండ్రి. తట్టెడు నింపిస్త."

బస్సంతా నవ్వింది. అప్పుడు వెలిగింది ఆ అమ్మాయికి, అక్సాకు. అది కాటుక కాదు, బొగ్గు. గనిలోంచి ఎక్కి వచ్చిన మనిషి ఎంత తోముకున్నా కనురెప్పల అంచున మిగిలిపోయే నల్లటి గీత.

ఇంకొకరైతే సిగ్గుతో తర్వాతి స్టాపులో దిగిపోయేవారు. అక్సా మాత్రం అతని ముఖంలోకి ఇంకాస్త వంగి చూసింది.

"సబ్బు పెడ్తే పోదా? మంట పుడ్తదా? రుద్దితే రెప్పలు ఊడ్తయా?"

"మీరు డాక్టరా?"

"కాదు. ఫార్మసీ చదివిన. క్రీములు తయారు చేస్త."

"మరి నా కండ్లతోని మీకేం పని?"

నిజం చెప్పాలంటే ఆ కళ్లు బాగున్నాయి. ఆ గీత వల్ల ఇంకా బాగున్నాయి. కానీ కండక్టర్ వింటుండగా అలాంటి మాట ఎవరంటారు? అందుకని సంచిలోంచి ఒక చిన్న డబ్బా తీసి అతని చేతిలో కుక్కింది.

"బొగ్గు పోనీకే చేసిన క్రీమ్ ఇది. డ్యూటీ దిగినంక రాసుకోండి. శనివారం పాల్వంచకొచ్చి ఎట్లుందో చెప్పండి. అడ్రస్ డబ్బా మీదున్నది."

"నేనెందుకు రావాలె?"

ఆ ప్రశ్న వినడానికి ఆమె అక్కడ లేదు. బస్సు దిగి, చున్నీ నెత్తిన కప్పుకుని వానలో పరుగెత్తుతోంది.

శనివారం వచ్చాడు. రాకుండా ఉండగలడా? పేరు సంపత్ అని చెప్పి, తల దువ్వుకున్న సంగతి ఎదుటివాళ్లు గమనించారో లేదోనని రెండుసార్లు తల తడుముకున్నాడు.

అక్సా పని చేసేది పాల్వంచలో ఒక కిరాయి ఇంటి ముందు గదిలో. ఒక బల్ల, రెండు స్టవ్‌లు, ఒక తూకం, గోడకు ఆనించిన డబ్బాలు. డబ్బాలు నింపడానికి, అడగకుండానే సలహాలివ్వడానికి సైదమ్మ. గదిలో ఎప్పుడూ ఇప్ప నూనె వాసన. అడవి పల్లెల ఆడవాళ్లు ఇప్ప గింజలు ఏరి, ఎండబెట్టి, గానుగ పట్టించిన నూనె అది. చలికి గడ్డకడుతుంది, చేతి వేడికి కరుగుతుంది. అక్సా క్రీముకు ప్రాణం అదే.

ఆమె సంగతి కూడా చెప్పాలి. కుదురు లేని మనిషి. క్రీమ్ చల్లారేలోపు పదిసార్లు మూత తీసి చూస్తుంది. బల్ల చుట్టూ తిరుగుతుంది. కిటికీ తెరుస్తుంది, మూస్తుంది. ఈ మధ్య ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది, దానికి కారణం కూడా ఉంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద కాస్మెటిక్స్ కంపెనీ ఉద్యోగానికి రమ్మంది. దసరా తర్వాత చేరాలి. సారపాక పేపర్ మిల్లులో పనిచేసే నాన్న జయరాజ్ ఒకే మాటన్నాడు: "ఆలోపు నీ క్రీమ్ గనోళ్లు మెచ్చితే ఇక్కడనే ఉండు, నేను అడ్డం రాను. మెచ్చకుంటె మాత్రం బ్యాగ్ సర్దాలె." ఆమె సరేనంది. గని వెల్ఫేర్ ఆఫీసర్ వెంకటనారాయణ కూడా ఒక షిఫ్ట్ కార్మికులతో పరీక్ష పెట్టిస్తానని మాటిచ్చాడు. కార్మికులు బాగుందంటే గని మొత్తానికీ ఇదే క్రీమ్. బాగాలేదంటే హైదరాబాద్.

"ఎట్లున్నది?" అడిగింది.

"సూపర్ మేడం."

"సూపర్ అంటే? జిడ్డుగ ఉన్నదా? కడిగితే జల్దీ పోతున్నదా?"

"అన్నీ సూపర్ మేడం."

"ఈ పిలగానికి గా ఒక్క మాటనే నేర్పిండ్రా?" అంది సైదమ్మ డబ్బాకు మూత బిగిస్తూ.

అక్సా వినిపించుకోలేదు. అతని చెయ్యి లాక్కుని వెలుతురులో పెట్టి చూసింది. బొగ్గు అయితే పోయింది. కానీ వేళ్ల కణుపుల దగ్గర చర్మం తెల్లగా పొలుసులు లేచి, అక్కడక్కడా పగిలి ఉంది. ఆమె వేలితో ఆ పగుళ్లను తడిమి చూసింది. చూడటం అయిపోయింది. చెయ్యి వదలాల్సిన సమయం కూడా అయిపోయింది. ఇద్దరికీ ఆ సంగతి గుర్తు లేదు.

"నేను చాయ పెట్టుకొస్త," అంది సైదమ్మ. ఆ ఇంట్లో చాయపత్తే లేదు.

ఆ సాయంత్రం నుంచి అక్సాకు ఒకటే పట్టుకుంది. క్రీమ్ బొగ్గును తీస్తోంది గానీ చర్మాన్ని ఎండగొడుతోంది. అయితే ఇప్ప నూనె పెంచాలి. పెంచింది. వచ్చే శనివారం సంపత్ వచ్చాడు. "సూపర్ మేడం." చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంకా పెంచింది. మళ్లీ "సూపర్". చేతులు ఇంకా పగిలాయి.

ఇంకొంచెం పెంచేసరికి తెల్లారి డబ్బా మూత తీస్తే పైన నూనె, కింద నీళ్లు. విరిగిన పాలలా ఉంది.

"ఇదేంది, నిన్న మంచిగనే కలిసె గదా?" అంది సైదమ్మ.

"నూనెకు నీళ్లకు పడదు సైదమ్మా. మధ్యల ఈ మైనం ఉన్నది చూడు, అది ఒక చెయ్యి నూనెకిస్తది, ఒక చెయ్యి నీళ్లకిస్తది. గట్ల రెండిటిని పట్టుకొని ఉంటది. నూనె మరీ ఎక్కువైతే దానికి బలం చాలక చేతులిడుస్తది."

"అంటే పెండ్లిళ్ల పేరయ్య అన్నట్టు."

"అవ్, గట్లనే అనుకో."

"మరి నీకు, ఆ సూపర్ పిలగానికి నడుమ ఎవలున్నరు?"

"నువ్వు ముందు డబ్బాలు కడుగు!"

వాన ఆగి ఆగి పడుతోంది. గదిలో ఉక్క. అక్సాకు తినబుద్ధి కాదు, కూర్చోబుద్ధి కాదు. మైనం పెంచితే క్రీమ్ గట్టిపడుతోంది. తగ్గిస్తే విరుగుతోంది. ఆదివారం చర్చిలో పాట నడుస్తుంటే ఆమె మనసులో గ్రాములు నడుస్తున్నాయి. మధ్యలో ఒక్కసారి ఆ నల్లటి గీత ఉన్న కళ్లు కూడా గుర్తొచ్చాయి. తప్పు కదా అని తల వంచుకుంది. తల వంచినా పోలేదు.

అటు కొత్తగూడెంలో సంపత్‌కూ ఏం తోచడం లేదు. శనివారానికీ శనివారానికీ మధ్య ఇన్ని రోజులు ఎవరు పెట్టారో అతనికి అర్థం కాలేదు. తల్లి నాంచారమ్మ అన్నం వడ్డిస్తూ, "పెరుగు కలుపుకొని మల్ల దాంట్ల పప్పు పోసుకుంటున్నవేంరా?" అంటే, "సూపరమ్మా" అన్నాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. పెంచిన ఇప్ప నూనెతో, ఎలాగో విరగకుండా నిలబెట్టిన క్రీమ్ డబ్బాలు పెట్టెలో సర్దుకుని అక్సా గని దగ్గరికి వెళ్లింది. మగవాళ్లు స్నానాలు చేసే చోటికి ఆమె పోదు కదా! వెంకటనారాయణ గదిలో కుర్చీ వేశారు. అందులో కూర్చోలేక కిటికీ దగ్గర నిలబడింది. గోడ అవతల పంపుల చప్పుడు, నవ్వులు, ఎవరో అరుపు. ఆ అరుపు బాగుందనా, బాగాలేదనా? గోళ్లు కొరుక్కుంది.

కాసేపటికి ముందుగా ఎల్లస్వామి వచ్చాడు. ఆ షిఫ్ట్‌లో అందరికంటే పెద్దవాడు. మొహం నిండా నల్లటి జిగురు, గడ్డం మీద తెల్లటి ముద్దలు.

"బిడ్డా, ఏమనుకోకు," అన్నాడు. "ఇది పూస్తే బొగ్గు నన్ను ఇడవనంటున్నది. ఇంకింత ప్రేమతోని అంటుకున్నది."

వెనక వచ్చినవాళ్లందరిదీ అదే అవతారం. వెంకటనారాయణ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అక్సా కళ్లు ఒక్కడి కోసం వెతికాయి. గుంపు చివర సంపత్ తల దించుకుని నిలబడి ఉన్నాడు. అతని ముఖం మాత్రం శుభ్రంగా ఉంది.

"మరి సంపత్‌కు పోయింది గదా!" అంది ఆశగా. "రోజూ వాడ్తడు. మస్తుగున్నదన్నడు."

"వాడా?" అన్నాడు ఎల్లస్వామి. "వాడు మొదలు బట్టల సబ్బుతోని తోలు లేచేదాక తోముతడు బిడ్డా. అంతా అయినంక మీ క్రీమ్ ఇంత తీసి సెంటు లెక్క పూసుకుంటడు. శనివారమైతే ఇంకింత ఎక్కువ పూస్తడు."

ఆ మాటకు అందరూ నవ్వారు. ఇద్దరు నవ్వలేదు.

గేటు బయట, చింత చెట్టు కింద, వాన తుంపరలో సంపత్ ఆమెను అందుకున్నాడు.

"అక్సా, ఒక్క నిమిషం."

"మేడం అను."

"మేడం. నువ్వు బాధపడ్తవని..."

"నా బాధ గురించి నిన్ను అడిగిన్నా? క్రీమ్ ఎట్లుందో అడిగిన! నీ చేతులు నా క్రీమ్ వల్లనే పగులుతున్నయనుకొని నూనె మీద నూనె పోసిన. మంచిగున్న దాన్ని నేనే చెడగొట్టుకున్న. పగిలింది నీ బట్టల సబ్బుకు!"

"నాకు గింత తెల్వదు..."

"నీకు తెల్వాల్సింది నిజం చెప్పుడు ఒక్కటే. అదొక్కటి చెప్పలేకపోయినవ్."

ఆమె బస్సెక్కింది. ఈసారి బస్సు ఖాళీగానే ఉంది. కూర్చోడానికి సీటున్నా పాల్వంచ దాకా నిలబడే వెళ్లింది, ఏడుస్తూ.

మర్నాడు నాన్నకు ఫోన్ చేసి హైదరాబాద్ వెళ్తానని చెప్పింది. గాజు బీకర్లను న్యూస్‌పేపర్‌లో చుట్టడం మొదలుపెట్టింది. సైదమ్మ మాట్లాడకుండా సాయం చేస్తోంది. ఆమె మాట్లాడకుండా ఉందంటే పరిస్థితి ఎంత పాడైందో మీరే ఊహించుకోండి.

మధ్యాహ్నం దాటాక వాకిట్లో ఏదో నీడ పడింది.

"అవ్వో! ఎవడ్రా నువ్వు!" సైదమ్మ చీపురు అందుకుంది.

నల్లటి ముఖం, నల్లటి చేతులు, నల్లటి బట్టలు. తెల్లగా ఉన్నవి కళ్లూ పళ్లూ మాత్రమే.

"నేనే సైదమ్మా. సంపత్‌ను."

"గిట్లనే బస్సెక్కినవా?"

"ఎక్కిన. ముగ్గురు లేచి సీటిచ్చిండ్రు." అతను అక్సా వైపు తిరిగాడు. "ఇన్ని శనివారాలు తోముకొని, తల దువ్వుకొని వచ్చిన. ఇయ్యాల గని నుంచి సీదా వచ్చిన. సబ్బు ముట్టలే. నువ్వే నీ కండ్లతోని చూడు. ఆ తర్వాత పొమ్మంటే పోత."

పొమ్మందామనే అక్సా నోరు తెరిచింది. కానీ ఆమె లోపలి క్రీముల మనిషి ఒప్పుకోలేదు. ఇంత బొగ్గు నడిచి వాకిట్లోకి వస్తే ఎవరు పొమ్మంటారు? పెట్టె అడుగు నుంచి మొదటి రకం క్రీమ్ డబ్బా తీసింది. నూనె పెంచకముందు చేసింది అదొక్కటే మిగిలింది. బల్ల మీద టక్కున పెట్టింది.

"కానియ్."

సంపత్ సరాసరి పెరట్లోని పంపు దగ్గరికి నడిచాడు. పంపు తిప్పి కుడి చెయ్యి మోచేతి దాకా నీళ్ల కింద పెట్టాడు.

"ఆగు! ఏం చేస్తున్నవ్?"

"కడుక్కుంటున్న."

"క్రీమ్ పెట్టకముందే నీళ్లా?"

"మరి? నీళ్లు పోసుకోకుంట ఎట్ల రుద్దుతరు? మేమందరం గట్లనే. పొద్దటి సంది చెమటల నానినోళ్లం, పైకి రాంగనే మొదలు పంపు కిందికే ఉరుకుతం."

అక్సా అక్కడే గడప మీద కూలబడింది. తర్వాత నవ్వింది. తర్వాత నెత్తి కొట్టుకుంది.

బొగ్గు దుమ్ము చెమటలో, ఒంటి జిడ్డులో కలిసి చర్మాన్ని పట్టుకుంటుంది. దాన్ని తీసేది నూనె. పొడి చర్మం మీద రాస్తే నూనె వెళ్లి జిడ్డును కలుపుకుంటుంది, అప్పుడు నీళ్లు పోస్తే మైనం రెండిటినీ పట్టుకుని బయటికి లాగుతుంది. ముందే నీళ్లు పోస్తే మైనం ఆ నీళ్లకే చెయ్యిచ్చేసి కూర్చుంటుంది, బొగ్గు దాకా పోదు. ఈ సంగతి ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. అందరికీ తెలుసనుకుంది. డబ్బా మీద 'కొంచెం తీసుకుని రాసుకోవాలి' అని రాసింది. తడవకముందు అని రాయలేదు. గనోళ్లు ఎలా స్నానం చేస్తారని ఒక్కరినీ అడగలేదు.

"తప్పు నీ ఒక్కనిదే కాదు," అంది. "ఎడమ చెయ్యి ఇటియ్. తడపకు!"

పొడిగా ఉన్న ఎడమ చేతి మీద క్రీమ్ రాసింది. వేళ్ల సందుల్లో, గోళ్ల అంచుల్లో, కణుపుల పగుళ్ల మీద మెల్లగా రుద్దింది. తెల్లటి క్రీమ్ బూడిదరంగైంది, తర్వాత నల్లబడింది. నీళ్లు పోయగానే మురికి పాలలా జారిపోయింది. కింద మనిషి చెయ్యి కనిపించింది.

"పోయింది!" అరిచింది సైదమ్మ.

"ఎట్లున్నది?" అడిగింది అక్సా.

సంపత్ నోట్లోకి ఒక మాట అలవాటుగా వచ్చింది. మింగేశాడు.

"బొగ్గు పోయింది. మంట లేదు. కానీ దీంట్ల కలిపిన నిమ్మగడ్డి వాసన నాకు నచ్చలే. మొదటి రోజు సంది నచ్చలే. తల నొస్తది."

"మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?"

"బాగలేదంటే నన్నిడిచి ఇంకొకనికి డబ్బా ఇస్తవని. అప్పుడు శనివారం నేను యాడికి పోవాలె? నువ్వంటే ఇష్టమని చెప్పనీకే భయమైంది. సూపర్ అనుడు అల్కగ ఉండె."

వాన మళ్లీ మొదలైంది. సైదమ్మకు ఈసారి చాయ కూడా గుర్తు రాలేదు, అక్కడే నిలబడి వింది. అక్సా దూది మీద కొంచెం క్రీమ్ తీసుకుంది.

"కండ్లు మూసుకో."

"తిడ్తవా?"

"తిడ్త. చాన తిడ్త. ముందు మూసుకో." అతని రెప్పల అంచున దూది నడిపిస్తూ మెల్లగా అంది, "నాక్కూడా శనివారాలు తప్ప వేరే రోజులు గుర్తు ఉంటలేవు."

ఇక మిగిలింది అలసిపోయిన మనుషులను పంపు కిందికి పోకుండా ఆపడం. డబ్బా మీద ఎంత పెద్ద అక్షరాలు రాసినా ఆగరు. దానికి దారి సంపతే చెప్పాడు. పంపుల కంటే ముందు అందరూ ఆగే చోటు ఒకటుంది, ల్యాంప్ రూమ్. నెత్తి మీది లైటు అప్పజెప్పనిదే ఎవరూ కదలరు. అక్కడ లైన్లో నిలబడ్డప్పుడు చేతులకు పనేం ఉండదు.

వెంకటనారాయణను బతిమాలి రెండో పరీక్షకు ఒప్పించారు. ల్యాంప్ రూమ్ కౌంటర్ మీద మొదటి కొలతలతోనే, వాసన లేకుండా చేసిన కొత్త క్రీమ్ పెట్టారు. లైన్లో నిలబడ్డవాళ్లు ఊరికే ఉండలేక తీసి రాసుకున్నారు. ముచ్చట్లు చెప్పుకుంటూ రుద్దుకున్నారు. స్నానం చేసి వచ్చిన ఎల్లస్వామి అద్దంలో తన ముఖం చూసుకుని, "మా ఇంటామె గుర్తువడ్తదో లేదో!" అన్నాడు. క్రీమ్ పరీక్ష గెలిచింది. హైదరాబాద్‌కు రాలేనని అక్సా అదే రోజు కబురు పంపింది.

ఆ ఆదివారం సారపాకలో, జయరాజ్ ముందు కుర్చీలో సంపత్ నిటారుగా కూర్చున్నాడు. అక్సా తలుపు పక్కన నిలబడింది.

"నా బిడ్డ అంతా చెప్పింది," అన్నాడు జయరాజ్. "ఇగ ఒక్కటే అడుగుత. మేం చర్చికి పొయ్యేటోళ్లం. మీ అమ్మ ఒప్పుకున్నదా?"

అక్సా తలుపు చాటు నుంచి కళ్లతోనే వేడుకుంది. అవ్ అను. ఒక్క మాట, అవ్ అంటే చాలు, మిగతాది తర్వాత చూసుకుందాం.

సంపత్ ఆమెను చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు.

"లేదు సార్. ఒప్పుకోలే. చెప్పిన కాడి నుంచి నాతోని మాట్లాడ్తలేదు. అన్నం పెడ్తది, మొహం చూడదు. ఎప్పటికి ఒప్పుకుంటదో తెల్వదు. నేను మాత్రం అడుగుతనే ఉంట."

అక్సా కళ్ల నిండా నీళ్లు. అబద్ధం చెప్పనందుకు కోపం, అబద్ధం చెప్పనందుకే అతని మీద పొంగుకొచ్చిన ప్రేమ. ఏది ఏదో ఆమెకే తెలియలేదు.

జయరాజ్ లేచాడు. గోడకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"సాయంత్రం మీ అమ్మ ఇంట్లనే ఉంటదా?"

"ఉంటది సార్. కానీ మీరొస్తే తిడ్తది."

"నువ్వు నన్ను మెప్పిద్దామని అవ్ అని ఉంటే చాయ పోసి ఇంటికి పంపుతుంటి," అన్నాడు జయరాజ్ బండి తాళాలు వెతుక్కుంటూ. "తిట్టనీ. మొహం మీద తిట్టేటోళ్లతోనే సంబంధం కలుపుకోవాలె. అక్సా, చెప్పులేసుకో బిడ్డా, పోదాం."